ఫంక్షన్‌ని నేరుగా పిలవాలా, పేరు ఇచ్చి పిలిపించాలా? (పైథాన్, మామిడి కాటా చీటీల లెక్క)

బంగారుపాళ్యం_అబ్బాయి
శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి రైతు చెల్లింపుల స్క్రిప్ట్ రాస్తా ఉండాను. పైథాన్. కాటా దగ్గర పిల్లోడు ప్రతి బండికీ ఎక్సెల్‌లో ఒక వరస కొడతాడు: రైతు పేరు, నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు, తరుగు, రకం. ఆ ‘రకం’ అనే గడి మీదనే నా ప్రశ్నంతా. సరుకు ర్యాంపు (కాయలు కొని పోగేసే మండీ) నుంచి వస్తే ఒక లెక్క. తోట నుంచి రైతే నేరుగా తోలితే ఇంకో లెక్క. ఏజెంట్ ద్వారా వస్తే కమీషన్ పట్టాల. ముందే ఒప్పందం రాసుకున్నోళ్లకి వేరే ధర. ఒక్కోదానికీ ఒక్కో ఫంక్షన్ (పేరు పెట్టిన కోడ్ ముక్క) రాసిపెట్టినా.

ఇప్పుడు ఇఫ్, ఎలిఫ్, ఎలిఫ్ అని పొడుగాటి వరస ఉండాది. రకం ర్యాంపు అయితే ర్యాంపు_లెక్కని పిలువు, తోట అయితే తోట_లెక్కని పిలువు, అట్ల. 2025 సీజన్‌లో తోతాపురికి ఫ్యాక్టరీ కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అన్నప్పుడు పంట మధ్యలో ఇంకో లెక్క వచ్చి చేరింది. మళ్లీ సీజన్‌కి ఏం వస్తుందో తెలీదు. గడిలో ఉన్న పేరుకి చివర ‘_లెక్క’ తగిలించి, ఆ పేరున్న ఫంక్షన్‌ని పైథాన్‌నే వెతికి పిలవమంటే ఈ ఇఫ్‌లన్నీ పోతాయి కదా? అట్ల చేయొచ్చా? చేస్తే ఏమన్నా ఇబ్బందా?


గాంధీరోడ్డు_77
శనివారం రాత్రి 9:40

నాలుగు ఇఫ్‌లు ఉంటే ఏం నష్టం అన్నా? నేనైతే ముట్టుకోను. చదివేవాడికి పైనుంచి కిందికి కథంతా కనిపిస్తాది. ఎడిటర్‌లో ఫంక్షన్ పేరు మీద క్లిక్ చేస్తే తిన్నగా దాని దగ్గరికి పోతాది. పేరు తప్పు రాస్తే పైఫ్లేక్స్ లాంటి చెకర్ స్క్రిప్ట్ నడపకముందే చెప్తాది. ఈ మూడూ పోగొట్టుకోని నాలుగు వరసలు మిగిలించుకోవడం నాకు లాభంగా తోచలేదు.


లీలామహల్_సర్కిల్
శనివారం రాత్రి 10:05

అది మన బంగారుపాళ్యం బ్రదర్ సమస్యకి జవాబు కాదు. ప్రతి సీజన్‌కీ ఒక రకం పెరుగుతా ఉంటే, ప్రతిసారీ రెండు చోట్ల మార్చాలి: ఫంక్షన్ ఒక చోట, ఇఫ్ ఇంకో చోట. నేను పీహెచ్‌పీ మనిషిని. మాకు ఇది భాషలోనే ఉంది. వేరియబుల్‌లో ఫంక్షన్ పేరు పెట్టి పక్కన బ్రాకెట్లు పెడితే చాలు, ఆ పేరున్న ఫంక్షన్ నడుస్తుంది. పైథాన్‌లో అయితే గ్లోబల్స్ అనే ఫంక్షన్ ఉంది, మాడ్యూల్‌లోని (అంటే ఆ కోడ్ ఫైల్లోని) పేర్లన్నీ ఒక డిక్షనరీగా, అంటే పేరు పక్కన దాని వస్తువు ఉండే పట్టికగా ఇస్తుంది. (ఇక్కడ తెలుగులో రాస్తున్నా, కోడ్‌లో ఆ ఒక్క పదం ఇంగ్లీషులో కొట్టుకో.)

గ్లోబల్స్()[రకం + "_లెక్క"](చీటీ)

ఒక్క వరస. కొత్త రకం వస్తే కొత్త ఫంక్షన్ రాస్తే చాలు, ఇంకేదీ ముట్టుకోనక్కర్లేదు.


తిరుచానూరు_అక్క
శనివారం రాత్రి 11:20

తమ్ముడూ, నువ్వడిగిన దాంట్లో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఏ ఫంక్షన్ నడవాలో స్క్రిప్ట్ నడిచేటప్పుడు తేల్చుకోవడం ఒకటి. అలా తేల్చే అధికారం ఎవరి చేతికివ్వాలి అనేది రెండోది. మొదటిదాంట్లో తప్పేమీ లేదు, నీకు అవసరం కూడా. గ్లోబల్స్ పద్ధతి ఆ రెండోదాన్ని నీకు తెలియకుండానే కాటా దగ్గర టైప్ చేసే పిల్లాడికి అప్పజెప్పేస్తుంది.

గ్లోబల్స్ ఇచ్చే డిక్షనరీలో నువ్వు రాసిన లెక్కల ఫంక్షన్లు మాత్రమే ఉండవు. ఆ ఫైల్ పైభాగంలో ఇంపోర్ట్ చేసుకున్న ప్రతి పేరూ ఉంటుంది. పాత ఫోల్డర్లు శుభ్రం చేయడానికి షుటిల్ మాడ్యూల్ నుంచి ఆర్‌ఎమ్‌ట్రీని పేరుతో ఇంపోర్ట్ చేసి ఉంటే, ఫోల్డర్‌ని మొత్తంగా చెరిపేసే ఆ ఫంక్షన్ కూడా అదే డిక్షనరీలో ఒక పేరే. గడిలోంచి వచ్చిన అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు అక్కడ వెతికావంటే, ఎక్సెల్ షీట్ రాసేవాళ్లకి నీ ఫైల్‌లోని ఏ ఫంక్షన్నైనా నడిపే తాళం ఇచ్చినట్టే.

‘_లెక్క’ అని చివర తగిలిస్తున్నావు కాబట్టి నీ విషయంలో ప్రమాదం తగ్గింది, నిజమే. పోలేదు. నీ ఫైల్‌లో నిరుటి_లెక్క అని పాత ధరలతో ఒక ఫంక్షన్ మిగిలిపోయి ఉందనుకో. ఎవరో గడిలో ‘నిరుటి’ అని కొట్టారు. ఏ ఎర్రరూ రాదు, రైతుకి పోయిన సంవత్సరం ధర ప్రకారం డబ్బు పోతుంది. దొంగతనం చేసేవాడి గురించి కాదు నా భయం. ఎర్రర్ రావాల్సిన చోట రాకపోవడం గురించి.

అందుకని నువ్వు ఒప్పుకున్న పేర్లు ఏవో నువ్వే ఒక చోట రాసిపెట్టు. పైథాన్ 3.0 వచ్చిన 2008 నుంచీ వేరియబుల్ పేర్లూ ఫంక్షన్ పేర్లూ తెలుగులో పెట్టుకోవచ్చు, ఇది నిజంగా నడిచే కోడే:

లెక్కలు = {
    "ర్యాంపు": ర్యాంపు_లెక్క,
    "తోట": తోట_లెక్క,
    "ఏజెంట్": ఏజెంట్_లెక్క,
    "ఒప్పందం": ఒప్పంద_లెక్క,
}

ఎంచిన_లెక్క = లెక్కలు[రకం]
చెల్లింపు = ఎంచిన_లెక్క(చీటీ)

ఇఫ్‌లు పోయాయి. బయటి పేరు ఈ నాలుగింటిలో ఒకదాన్ని ఎంచుకోగలదు, అంతకు మించి ఏమీ చేయలేదు. డిక్షనరీలో కుడివైపు ఉన్నవి కొటేషన్లలో లేవు చూడు, అవి అసలు ఫంక్షన్లే. ఒకటి తప్పు రాస్తే స్క్రిప్ట్ మొదలవుతూనే నేమ్ ఎర్రర్ వస్తుంది, ఎప్పుడో జూన్‌లో ఆ రకం బండి వచ్చే దాకా ఆగదు. గాంధీరోడ్డు గారు చెప్పిన చెకరూ, క్లిక్ చేస్తే పోవడమూ కూడా అలాగే పనిచేస్తాయి.


లీలామహల్_సర్కిల్
శనివారం రాత్రి 11:48

అక్క చెప్పినదానికి పీహెచ్‌పీ వైపు నుంచి ఒక మాట చేర్చాలి, ఎందుకంటే మా దగ్గర ఇది ఇంకా పదునుగా ఉంటుంది. పీహెచ్‌పీతో వచ్చే ఫంక్షన్లన్నీ అందరికీ అందుబాటులో ఉండే ఒకే పేర్ల గుంపులో ఉంటాయి. సర్వర్‌లో కమాండ్ నడిపే సిస్టమ్ అనే ఫంక్షన్ కూడా అందులోదే. బ్రౌజర్ నుంచి వచ్చిన పేరుని వేరియబుల్‌లో పెట్టి పిలిస్తే, అవతలివాడు ‘సిస్టమ్’ అని పంపిస్తే చాలు. ఫంక్షన్ ఎగ్జిస్ట్స్‌తో ముందు చూస్తాం కదా అంటారు కొందరు. ఆ ఫంక్షన్ ఉంది కాబట్టి అది ‘ఉంది’ అనే చెప్తుంది, ఆపదు. ప్రమాదకరమైన పేర్ల జాబితా పెట్టి అడ్డుకుందామన్నా, పీహెచ్‌పీలో ఫంక్షన్ పేర్లకి పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేదు, జాబితాలోంచి జారిపోతుంది. ఒప్పుకున్న పేర్ల జాబితా ఒక్కటే పనికొస్తుంది.

2021 నవంబర్‌లో వచ్చిన 8.1 వెర్షన్ నుంచి ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లలో మూడు చుక్కలు పెడితే ఆ ఫంక్షనే వస్తువుగా చేతికొస్తుంది. పేరుని స్ట్రింగ్‌గా మోసుకు తిరిగే పని తప్పింది. అక్క రాసిన డిక్షనరీలాంటిది మేమూ స్ట్రింగులు లేకుండా రాసుకోవచ్చు.


ఎస్వీయూ_హాస్టల్
ఆదివారం ఉదయం 7:30

అక్కా, ఒక డౌట్. డిక్షనరీలో ర్యాంపు_లెక్క పక్కన బ్రాకెట్లు ఎందుకు పెట్టలేదు? మాకు ఫంక్షన్ అంటే బ్రాకెట్లతోనే రాయాలని చెప్పారు.


తిరుచానూరు_అక్క
ఆదివారం ఉదయం 8:02

బ్రాకెట్లు పెట్టడమంటేనే పిలవడం. ర్యాంపు_లెక్క అని ఊరకే రాస్తే ఆ ఫంక్షన్‌ని చూపిస్తున్నావు, ర్యాంపు_లెక్క(చీటీ) అని రాస్తే అప్పటికప్పుడు నడిపిస్తున్నావు. డిక్షనరీ లోపల బ్రాకెట్లు పెడితే డిక్షనరీ తయారయ్యేటప్పుడే నాలుగు లెక్కలూ నడిచిపోతాయి, లోపల మిగిలేది ఫంక్షన్లు కాదు, వాటి జవాబులు. తర్వాత ఆ జవాబుని మళ్లీ పిలవబోతే ‘ఈ సంఖ్యని పిలవలేను’ అనే అర్థంతో టైప్ ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ కనపడితే ముందు డిక్షనరీలో బ్రాకెట్లున్నాయేమో చూడు.


పీలేరు_పెద్దాయన
ఆదివారం ఉదయం 10:15

పెర్ల్‌తో చాలా కాలం పనిచేసినవాడిని. ఈ చర్చ మా దగ్గర ఎప్పుడో తేలిపోయింది, అందుకే రాయాలనిపించింది. 1994లో పెర్ల్ 5 వచ్చింది. అందులో స్ట్రిక్ట్ అనే కట్టడి పెట్టుకుంటే, స్ట్రింగ్‌లో ఉన్న పేరుతో ఫంక్షన్‌ని పిలవడాన్ని భాషే అడ్డుకుంటుంది, స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. కావాలంటే ఆ చిన్న ముక్కకి మాత్రం కట్టడి సడలించుకోవచ్చు, కానీ ఆ సడలింపు నువ్వు చేత్తో రాయాలి, చదివేవాడికి కనబడాలి. పేరుతో ఫంక్షన్ ఉందా అని అడిగి తెచ్చుకునే దారి, ఆబ్జెక్ట్ మీద మెథడ్‌ని పేరుతో పిలిచే దారి మాత్రం తెరిచే ఉంచారు. ఎందుకంటే ఆబ్జెక్ట్‌కి తనదైన హద్దు ఉంటుంది. ఊరంతా వెతకదు.

నా ఉద్దేశంలో ఆ నిర్ణయం గొప్పది. మిగతావాళ్లకి నేను చెప్పేదల్లా, మీ భాషలో అలాంటి కట్టడి లేకపోతే మీరే పెట్టుకోండి.


అలిపిరి_షెల్
ఆదివారం ఉదయం 11:30

పెద్దాయనా, షెల్ స్క్రిప్టుల సంగతి ఎవరూ ఎత్తలేదు, అక్కడే ఇది అందరికంటే ఎక్కువ జరుగుతుంది. సర్వర్లు చూసుకునేవాళ్లు బ్యాష్‌లో బ్యాకప్, రీస్టార్ట్, లాగ్ అని ఫంక్షన్లు రాసి, ఆఖరి వరసలో ‘నాకిచ్చిన మాటల్ని అలాగే నడుపు’ అని పెట్టేస్తారు. స్క్రిప్ట్ పేరు పక్కన బ్యాకప్ అని కొడితే బ్యాకప్ ఫంక్షన్ నడుస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ బ్యాష్‌కి ఒక మాట ఇస్తే అది ముందు ఫంక్షన్లలో, తర్వాత తన సొంత కమాండ్లలో, ఆ తర్వాత మెషీన్‌లో ఉన్న ప్రోగ్రాముల్లో వెతుకుతుంది. కాబట్టి అదే స్క్రిప్ట్ పక్కన ఫైళ్లు చెరిపే కమాండ్ రాస్తే అదీ నడుస్తుంది. ఆ స్క్రిప్ట్‌కి అడ్మిన్ అధికారాలిచ్చి ఉంటే ఇక చెప్పేదేముంది.

నేను కేస్ వాడతాను. ఒప్పుకున్న మాటలు నాలుగు, మిగతావేవైనా వస్తే వాడే విధానం చూపించి ఆగిపోవాలి. జాబితా పెద్దదైతే 2009లో బ్యాష్ 4.0తో వచ్చిన అసోసియేటివ్ అర్రేలో బయటి పేరుకి లోపలి ఫంక్షన్ పేరు జత చేసి పెడతాను. అక్క డిక్షనరీకి ఇది షెల్ రూపం. తేడా ఒక్కటే, షెల్‌లో ఫంక్షన్ వస్తువుగా చేతికి రాదు, పేరుగానే ఉంటుంది. అందుకని పిలిచే ముందు డిక్లేర్‌కి పెద్ద ఎఫ్ గుర్తు ఇచ్చి అది నిజంగా ఫంక్షనే అని చూసుకోవడం మంచిది.


గాంధీరోడ్డు_77
ఆదివారం మధ్యాహ్నం 1:10

అక్క చూపించిన డిక్షనరీ నాకు నచ్చింది. కానీ ప్రతి వరసకీ డిక్షనరీలో వెతికి పిలిస్తే నేరుగా పిలిచినదానికంటే నెమ్మది కాదా? సీజన్‌లో ఫ్యాక్టరీ ముందు బండ్లు రోడ్డు దాకా నిలబడి ఉంటాయి.


తిరుచానూరు_అక్క
ఆదివారం మధ్యాహ్నం 2:25

పైథాన్‌లో ‘నేరుగా’ అనేది మనం అనుకున్నంత నేరుగా జరగదు. ర్యాంపు_లెక్క(చీటీ) అని రాసినా, ఆ పేరుని పైథాన్ మాడ్యూల్ డిక్షనరీలోనే వెతుకుతుంది, అక్కడ లేకపోతే తనతో వచ్చిన పేర్లలో వెతుకుతుంది. అంటే పేరుతో వెతకడం అక్కడా ఉంది. 2019 అక్టోబర్‌లో వచ్చిన 3.8 నుంచి, మళ్లీ మళ్లీ నడిచే చోట ఆ వెతుకులాట ఫలితాన్ని గుర్తుపెట్టుకుని వేగం పెంచారు. మన డిక్షనరీలో వెతకడం దానికి అదనంగా ఒక అడుగు, అంతే. మరోపక్క, ఇఫ్ వరస పది రకాల దాకా పెరిగితే పదోదానికి చేరేలోపు తొమ్మిది పోలికలు జరగాలి, డిక్షనరీకి ఆ బాధ లేదు. ఏదేమైనా ఇవన్నీ కంటికి కనిపించని క్షణాలు. బండి కాటా ఎక్కి దిగే సమయం ముందు వీటిని లెక్కపెట్టకండి. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవడానికి వేగం కారణం కాదు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇంకొకటుంది, తమ్ముడు ఇప్పటికే అది రాసేసి ఉంటాడని నా అనుమానం. తెలియని రకం వస్తే పట్టుకోవడానికి చాలామంది వెతకడాన్నీ పిలవడాన్నీ ఒకే వరసలో పెట్టి, మొత్తాన్ని ట్రై–ఎక్సెప్ట్‌లో చుట్టి, కీ ఎర్రర్ (డిక్షనరీలో ఆ పేరు లేదనే తప్పు) వస్తే ‘తెలియని రకం’ అని ప్రింట్ చేస్తారు. లెక్క ఫంక్షన్ లోపల చీటీలో ‘తరుగు’ అనే గడి లేకపోతే అక్కడ కూడా కీ ఎర్రరే వస్తుంది. అప్పుడు రకం సరిగ్గానే ఉన్నా ‘తెలియని రకం: ర్యాంపు’ అని కనిపిస్తుంది. అసలు లోపం గడి లేకపోవడం, నువ్వేమో రకం చుట్టూ తిరుగుతుంటావు. గెట్‌ఆటర్ (ఆబ్జెక్ట్‌లోంచి పేరుతో వెతికి తెచ్చే ఫంక్షన్) వాడి పేరుతో పిలిచేవాళ్లకి ఇదే తంటా ఆట్రిబ్యూట్ ఎర్రర్ రూపంలో వస్తుంది.

అందుకే పైన రెండు వరసలుగా రాశాను. మొదటి వరస, అంటే వెతకడం మాత్రమే ట్రైలో ఉండాలి. పిలవడం బయట ఉండాలి. లోపల వచ్చే తప్పు దాని సొంత పేరుతోనే బయటపడాలి.


ఎస్వీయూ_హాస్టల్
ఆదివారం సాయంత్రం 4:40

డిక్షనరీకి గెట్ మెథడ్ ఉంది కదా అక్కా, దొరక్కపోతే ఏ ఫంక్షన్ వాడాలో ముందే చెప్పొచ్చు. తెలియని రకాలన్నిటికీ ర్యాంపు_లెక్కనే వాడమంటే స్క్రిప్ట్ ఎక్కడా ఆగదు.


పీలేరు_పెద్దాయన
ఆదివారం సాయంత్రం 5:05

డబ్బు లెక్కలో అది వద్దు నాయనా. మెనూలో తెలియని నంబర్ నొక్కితే మళ్లీ మెనూ చూపించడానికి అది సరిపోతుంది. ఇక్కడ అవతల ఒక రైతు ఉన్నాడు. రకం తెలియకపోతే ఆ వరసని పక్కన పెట్టి, మిగతావి కానిచ్చి, పక్కన పెట్టినవాటి జాబితా అకౌంట్స్ వాళ్లకివ్వాలి. ఊహించి డబ్బు వేయకూడదు.


కాణిపాకం_డెవ్
ఆదివారం రాత్రి 8:50

అందరూ పేరుతో పిలవడాన్ని తప్పుపడుతున్నారు, కానీ పైథాన్‌తో పాటే వచ్చే లైబ్రరీ దాన్ని బాగానే వాడుకుంటుంది. హెచ్‌టీటీపీ సర్వర్ మాడ్యూల్ చూడండి. బ్రౌజర్ గెట్ అని అడిగితే ముందు ‘డూ_’ అని తగిలించి డూ_గెట్ అనే మెథడ్ ఆ క్లాస్‌లో ఉందా అని చూస్తుంది. ఉంటే పిలుస్తుంది, లేకపోతే 501 అనే జవాబు పంపిస్తుంది. కమాండ్లు తీసుకునే సీఎండీ మాడ్యూల్ కూడా అదే ‘డూ_’తో. కోడ్‌ని చెట్టులా చదివే ఏఎస్‌టీ మాడ్యూల్‌లో ‘విజిట్_’ ఉంటుంది, ఆ రకానికి మెథడ్ లేకపోతే అన్నిటికీ పనికొచ్చే జెనెరిక్ విజిట్‌కి పోతుంది. హెచ్‌టీటీపీ సర్వర్‌లో అయితే బయటి మాట నేరుగా నెట్‌వర్క్ నుంచే వస్తోంది, అయినా ఎవరూ దాన్ని ప్రమాదం అనడం లేదు. కారణం, ముందు తగిలించే ఆ ముక్క, వెతికే చోటు ఒక్క క్లాస్‌కి పరిమితం కావడం. ఆ క్లాస్ వాడుకునేవాళ్లు రేపు తమ మెథడ్ తాము చేర్చుకోవాలి, లైబ్రరీ రాసినవాళ్లకి వాళ్లెవరో కూడా తెలియదు. అలాంటి చోట డిక్షనరీ ఎవరు రాయాలి?

కాబట్టి బంగారుపాళ్యం బ్రదర్ లెక్కలన్నిటినీ ఒక క్లాస్‌లో పెట్టి, ‘లెక్క_’ అని ముందు తగిలించి గెట్‌ఆటర్‌తో తెచ్చుకుంటే అది కూడా పద్ధతైన దారే.


తిరుచానూరు_అక్క
ఆదివారం రాత్రి 9:35

పద్ధతైన దారే, ఒప్పుకుంటాను. మీరు చెప్పిన ఉదాహరణల్లో ఒక పోలిక ఉంది: పిలిచేవాళ్లు వేరు, రాసేవాళ్లు వేరు. లైబ్రరీ ఒకరిది, క్లాస్ ఇంకొకరిది. బంగారుపాళ్యం తమ్ముడి విషయంలో రెండూ ఒకే ఫైల్, ఒకే మనిషి. అక్కడ డిక్షనరీ రాసుకోవడానికి ఏ అడ్డూ లేదు, లాభం మాత్రం ఉంది.


అలిపిరి_షెల్
ఆదివారం రాత్రి 10:10

పేరుని ముక్కలు అతికించి తయారుచేసే పద్ధతిలో నాకు పెద్ద కష్టం అనిపించేది వేరే. వెతికితే దొరకదు. కోడ్ మొత్తంలో ‘లెక్క_ర్యాంపు’ అని వెతికితే ఫంక్షన్ రాసిన చోటు ఒక్కటే కనిపిస్తుంది, పిలిచిన చోటు ఎక్కడా కనిపించదు. వాడని కోడ్‌ని చూపించే వల్చర్ లాంటి టూల్ కూడా దాన్ని ఎవరూ వాడడం లేదనే చెప్తుంది. కొత్తగా చేరినవాళ్లు ఆ రిపోర్ట్ నమ్మి తీసేస్తారు. టెస్టుల్లో ఆ రకం లేకపోతే ఎవరికీ తెలియదు, మరుసటి సీజన్ దాకా.

నేను ఇంతకుముందు పనిచేసిన తిరుపతి కంపెనీలో దీని అన్న లాంటిది జరిగింది. సెలరీ అనే పైథాన్ టూల్‌తో పనులను క్యూలో పెట్టేవాళ్లం. సెలరీ క్యూలోకి ఫంక్షన్‌ని పంపదు, దాని పేరుని పంపుతుంది: మాడ్యూల్ పేరు, చుక్క, ఫంక్షన్ పేరు. ఒకరోజు ఫైళ్లన్నీ చక్కగా సర్ది, మాడ్యూల్ పేరు మార్చి రిలీజ్ చేశారు. కోడ్‌లో నేరుగా పిలిచినవన్నీ ఎడిటరే మార్చేసింది. కానీ అప్పటికే క్యూలో నిలబడి ఉన్న పనుల్లో పాత పేరు ఉంది. కొత్త వర్కర్లకి ఆ పేరు తెలియదు, నమోదు కాని పని అంటూ వదిలేశాయి. రసీదుల మెయిళ్లు చాలామందికి వెళ్లలేదు. ఆ తర్వాత ప్రతి పనికీ మాడ్యూల్‌తో సంబంధం లేని సొంత పేరు ఇచ్చి పెట్టారు. ఒకసారి పేరు మీ ప్రోగ్రామ్ దాటి బయటికి పోయిందంటే, డేటాబేస్‌లోకో క్యూలోకో ఎక్సెల్‌లోకో, అది ఇక మీ ఇష్టం వచ్చినప్పుడు మార్చుకునే పేరు కాదు.

డిక్షనరీలో ఈ విషయం ఎంత బాగుంటుందంటే, ఎడమవైపు పేరు బయటివాళ్లది, కుడివైపు పేరు మీది. ర్యాంపు_లెక్కని రేపు మండీ_లెక్క అని మార్చుకున్నా ఎక్సెల్‌లో ఎవరూ ఏమీ మార్చక్కర్లేదు.


కాణిపాకం_డెవ్
ఆదివారం రాత్రి 10:45

ఈ చివరి మాటకి నేను తల వంచుతాను. జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ కూడా ఆ దారిలోనే వచ్చింది. ఒకప్పుడు వెబ్ చిరునామాకి జత చేసే వ్యూ (ఆ పేజీని తయారుచేసే ఫంక్షన్) పేరుని స్ట్రింగ్‌గా రాయనిచ్చేవాళ్లు. 2015లో 1.8 వెర్షన్‌లో అది వద్దని హెచ్చరిక మొదలుపెట్టి, 2016లో 1.10లో పూర్తిగా తీసేశారు. ఇప్పుడు అక్కడ ఫంక్షన్‌నే ఇవ్వాలి.

డిక్షనరీ ఎంచుకునేవాళ్లు మాత్రం టెస్టుల దగ్గర ఒకటి చూసుకోవాలి. మాక్ లైబ్రరీతో టెస్టులో ర్యాంపు_లెక్క స్థానంలో నకిలీ ఫంక్షన్ పెడతాం. మాడ్యూల్‌లో పేరు మారుతుంది, కానీ డిక్షనరీ తయారైనప్పుడే అసలు ఫంక్షన్‌ని పట్టుకుని కూర్చుంది, టెస్టులో నడిచేది అసలుదే. స్క్రిప్ట్ నడుస్తుండగా మాడ్యూల్‌ని రీలోడ్ చేసేవాళ్లకీ అంతే, వేరే ఫైల్‌లో ఉన్న డిక్షనరీ పాత ఫంక్షన్లతోనే ఉంటుంది. ప్యాచ్‌లో డిక్షనరీల కోసమే ప్యాచ్ డాట్ డిక్ట్ ఉంది, టెస్టులో నకిలీని అక్కడ పెట్టాలి.


గాంధీరోడ్డు_77
సోమవారం ఉదయం 9:20

నాకు ఇంకో మాట ఉండాది. దీన్ని చూసి స్క్రిప్ట్ మొత్తం డిక్షనరీల్లోకి ఎక్కించేవాళ్లుంటారు. చీటీలు చదువు, లెక్క కట్టు, బ్యాంక్ ఫైల్ రాయి, ప్రింట్ తియ్యి: ఈ నాలుగూ ఎప్పుడూ ఇదే వరసలో జరిగేవి. వీటిని కూడా పేర్ల జాబితాగా పెట్టి లూప్‌లో పిలిచే కోడ్ నేను చూసినా. ఏది ముందు, ఏది తర్వాత, ఏ ఫంక్షన్‌కి ఏం పోతా ఉండాది, ఏదీ తెలీదు. రాసేటప్పుడే ఏ ఫంక్షనో తెలిసిన చోట నేరుగానే పిలవాల. నడిచేటప్పుడు మాత్రమే తేలే చోట, అంటే ఈ ‘రకం’ గడి లాంటి చోట, అక్కడ పెట్టుకోండి డిక్షనరీ.


తిరుచానూరు_అక్క
సోమవారం ఉదయం 9:55

గాంధీరోడ్డు గారు అన్నది అక్షరాలా నా మాట. ఇంకొక్కటి: డిక్షనరీలోని ఫంక్షన్లన్నీ ఒకే విధంగా పిలవగలిగేలా ఉండాలి. ఏజెంట్_లెక్కకి మాత్రం కమీషన్ శాతం అదనంగా కావాలంటే, పిలిచే చోట మళ్లీ ఇఫ్ పెట్టకండి, పెట్టారంటే మొదటికొచ్చినట్టే. చీటీలోనే ఆ శాతం ఉంచండి, లేదా ఫంక్‌టూల్స్‌లోని పార్షల్‌తో శాతాన్ని ముందే కట్టేసి డిక్షనరీలో పెట్టండి.


బంగారుపాళ్యం_అబ్బాయి
సోమవారం రాత్రి 8:30

అందరికీ చానా థ్యాంక్స్. డిక్షనరీ పెట్టినా, వెతకడం వేరు పిలవడం వేరు చేసినా, తెలియని రకాలు పక్కన పడేలా చేసినా. పాత షీట్‌తో నడిపి చూస్తే ఏజెంట్ వరసల్లో కొన్ని మాత్రం పక్కన పడతా ఉండాయి. గడిలో ఏజెంట్ అనే ఉండాది, డిక్షనరీలోనూ ఏజెంట్ అనే ఉండాది. కంటికి రెండూ ఒకటే. ఎట్ల సాధ్యం?


కాణిపాకం_డెవ్
సోమవారం రాత్రి 9:05

ముందు చివర ఖాళీ ఉందేమో స్ట్రిప్‌తో చూడు. అది కాకపోతే ఆ గడి పొడవు ప్రింట్ చేసి చూడు. పొల్లు తర్వాత కనిపించని అక్షరం ఒకటి ఉండి ఉంటుంది. ‘ఏజెంట్‌లు’ అని రాసేటప్పుడు ట కింద ల ఒత్తు పడకుండా మధ్యలో కొట్టే జీరో విడ్త్ నాన్ జాయినర్ అది. కొన్ని కీబోర్డులు పదం చివర పొల్లు వచ్చినా దాన్ని పెట్టేస్తాయి. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినా వస్తుంది. కంటికి తేడా లేదు, పైథాన్‌కి అవి రెండు వేర్వేరు స్ట్రింగులు.


తిరుచానూరు_అక్క
సోమవారం రాత్రి 9:50

తెలుగులో పేర్లు పెట్టుకుని పేరుతో పిలిచేవాళ్లకి ఇది తప్పకుండా తెలియాలి, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఆ కనిపించని అక్షరాన్ని ఫంక్షన్ పేరులో పెడితే పైథాన్ ఒప్పుకోదు, సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. కానీ కొటేషన్లలో ఉన్న స్ట్రింగులో నిశ్శబ్దంగా ఒప్పుకుంటుంది. ఇంకా చిక్కైనది ఐత్వం. ‘పైకం’లో పై అనేదాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా దాచొచ్చు: ఐత్వం గుర్తు ఒక్కటిగా, లేదా ఎత్వం గుర్తూ దాని కింద వచ్చే ఐ పొడవు గుర్తూ రెండుగా. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. కోడ్‌లో రాసిన పైకం_లెక్క అనే పేరుని పైథాన్ చదివేటప్పుడే ఎన్‌ఎఫ్‌కేసీ అనే ఒకే రూపానికి తెచ్చుకుంటుంది. నేరుగా పిలిస్తే ఎలా టైప్ చేసినా దొరుకుతుంది. అదే పేరుని స్ట్రింగ్‌గా గెట్‌ఆటర్‌కో గ్లోబల్స్‌కో డిక్షనరీకో ఇస్తే ఆ సర్దుబాటు జరగదు. విడిపోయిన రూపంలో వచ్చిందంటే దొరకదు. పాత మ్యాక్‌లలో ఉండే హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ పేర్లను అలా విడగొట్టే దాచుకునేది, ఫైల్ పేరు నుంచి రకం తీసుకునేవాళ్లకి అక్కడి నుంచి వస్తుంది.

అందుకని బయటి పేరు డిక్షనరీని తాకే ముందు ఒక చిన్న ఫంక్షన్ గుండా పోవాలి. అందులో మూడు పనులు: యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌తో ఎన్‌ఎఫ్‌సీ రూపానికి తేవడం, జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని రీప్లేస్‌తో తీసేయడం, చివర స్ట్రిప్. నార్మలైజ్ ఒక్కటే ఆ కనిపించని అక్షరాన్ని తీయదు, రెండూ కావాలి. డిక్షనరీ తయారుచేసేటప్పుడు ఎడమవైపు పేర్లను కూడా అదే ఫంక్షన్ గుండా పంపించు, అప్పుడు నీ ఎడిటర్ ఏం పెట్టినా ఇబ్బంది లేదు.


బంగారుపాళ్యం_అబ్బాయి
సోమవారం రాత్రి 10:40

అదే అక్కా. గడి పొడవు ఒకటి ఎక్కువ చూపించింది. శుభ్రం అని ఫంక్షన్ పెట్టి ఇట్ల రాసినా:

ఎంచిన_లెక్క = లెక్కలు[శుభ్రం(రకం)]

ఏజెంట్ వరసలన్నీ లెక్కలోకి వచ్చినాయి. పక్కన పడింది ఇప్పుడు ఒక్క వరసే, దాంట్లో రకం గడి నిజంగానే ఖాళీ. దాన్ని అకౌంట్స్‌కి పంపినా. ఎక్సెల్‌లో కాటా పిల్లోడు చేత్తో కొట్టకుండా ఆ నాలుగు పేర్లలోంచి ఎంచుకునేలా డ్రాప్‌డౌన్ పెడితే ఈ శుభ్రం ఫంక్షన్ తీసేయొచ్చా?


పీలేరు_పెద్దాయన
మంగళవారం ఉదయం 6:50

డ్రాప్‌డౌన్ తప్పకుండా పెట్టు. శుభ్రం ఫంక్షన్ తీయొద్దు. డ్రాప్‌డౌన్ ఉన్న గడిలోకి కూడా వేరే చోట కాపీ చేసింది తెచ్చి పేస్ట్ చేస్తే ఎక్సెల్ ఆపదు, ఆ గడికున్న కట్టడినే చెరిపేస్తుంది.